కంటైనర్‌లో షాపు పెట్టాలంటే: వరంగల్, ఉత్తర తెలంగాణలో తరచుగా అడిగే ప్రశ్నలు

రోడ్డు పక్కన కొత్తగా చాయ్ పాయింటో బిర్యానీ సెంటరో పడిందంటే ఈ మధ్య అది కంటైనర్‌లోనే ఉంటోంది. హన్మకొండ, కాజీపేట చుట్టుపక్కల, అటు కరీంనగర్, పెద్దపల్లి, మంచిర్యాల దాకా ఇదే తీరు. చూసినవాళ్లకు మనమూ ఒకటి దించుకుంటే పోలా అనిపించడం సహజం. దించే ముందు తెలుసుకోవాల్సినవి ఇక్కడ పెట్టాం. జవాబుల్లో మా అభిప్రాయాలు కూడా కలిసే ఉంటాయి. అవి నచ్చకపోతే వదిలేయండి, కొలతలు మాత్రం వదలకండి.

ఈ కంటైనర్లన్నీ ఓడల మీద తిరిగొచ్చినవేనా?

కావు. చాలావరకు వెల్డింగ్ షాపుల్లో కొత్తగా కట్టినవే. ఇనుప చట్రం, బయట ముడతల రేకు, మధ్యలో ఇన్సులేషన్, లోపల బోర్డు, కింద సిమెంట్ బోర్డు వేసి తయారుచేస్తారు. పోర్టా క్యాబిన్ అంటే ఇదే. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి కాబట్టి జనం దేన్నైనా కంటైనర్ అనే పిలుస్తారు.

గుర్తుపట్టడం తేలిక. ఓడ కంటైనర్‌కు ఎనిమిది మూలల్లోనూ రంధ్రాలున్న మందపాటి ఇనుప దిమ్మెలుంటాయి. క్రేన్ కొక్కేలు తగిలించేది వాటికే. తలుపు మీద నాలుగు అక్షరాలు, ఏడు అంకెల నంబరు ఉంటుంది. తయారైన నెల, సంవత్సరం, మోయగల బరువు చెక్కిన సీఎస్‌సీ ప్లేటు కూడా అక్కడే ఉంటుంది.

ఓడ కంటైనర్ గట్టిది, కానీ వెడల్పు ఎనిమిది ఫీట్లే, మార్చలేం. క్యాబిన్ అంత గట్టిది కాదు గానీ పది ఫీట్ల వెడల్పు కావాలన్నా కట్టిస్తారు, ఇన్సులేషన్‌తోనే వస్తుంది. మీకు కావాల్సింది కంటైనర్ లుక్కు మాత్రమే అయితే క్యాబినే తీసుకోండి. కింది జవాబులు ఎక్కువగా అసలు ఓడ కంటైనర్ల గురించి.

రేకుల షెడ్డు కన్నా, పక్కా మడిగె కట్టుకోవడం కన్నా ఇది నయమా?

జాగ ఎవరిది అన్నదాన్ని బట్టి ఉంటుంది. సొంత జాగ అయి, పదేళ్లు అక్కడినుంచి కదిలేది లేదంటే కంటైనర్ మీద డబ్బు పెట్టొద్దు. ఇటుక గోడలతో కట్టిన మడిగె మన ఎండలకు అంతకన్నా చల్లగా ఉంటుంది, వెడల్పు మన ఇష్టం, రేపు పైన ఇంకో అంతస్తు వేసుకోవచ్చు. చేతిలో డబ్బు తక్కువుంటే రేకుల షెడ్డులో అదే ఖర్చుకు ఎక్కువ జాగ వస్తుంది.

కంటైనర్‌కు ఉన్న అసలు బలం ఒక్కటే. లేపి ఇంకోచోట పెట్టొచ్చు. లీజు జాగ, రోడ్డు వెడల్పులో పోయే అవకాశం ఉన్న జాగ, గిరాకీ ఎట్లుంటదో తెలియని కొత్త అడ్డా, ఇలాంటి చోట్ల దానికి సాటి లేదు. కిరాయి జాగలో మీరు కట్టిన గోడ చివరికి ఓనరుకే మిగులుతుంది. కంటైనర్ మీ వెంట వస్తుంది. ‘గట్టిగా ఉంటది’, ‘తొందరగా అయితది’, ‘చూడ్డానికి బాగుంటది’ అనేవన్నీ ఆ తర్వాతి లెక్కలు.

బయటి దేశాల్లో బజార్లకు బజార్లే కంటైనర్లతో కట్టారంటారు, నిజమేనా?

నిజమే. కిర్గిజ్‌స్తాన్‌లో బిష్కెక్ నగరం దగ్గరి దోర్దోయ్ బజారు చాలావరకు ఒకదాని మీద ఒకటి పేర్చిన కంటైనర్లే. కింద దుకాణం, పైన గోదాం. న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ నగరం 2011 ఫిబ్రవరి భూకంపంలో దెబ్బతింటే, అదే ఏడాది అక్టోబరుకల్లా కంటైనర్లతో ఒక షాపింగ్ సెంటర్ తెరిచారు. ఊరు మళ్లీ కట్టుకున్నాక తీసేశారు. లండన్‌లో 2011లోనే వచ్చిన బాక్స్‌పార్క్ కూడా ఖాళీగా పడున్న పాత రైల్వే గూడ్స్ యార్డు జాగలో తాత్కాలికం పేరుతో మొదలైందే. క్రైస్ట్‌చర్చ్‌లోనూ లండన్‌లోనూ ఎన్నటికీ ఉండేది అనుకుని మొదలుపెట్టలేదు. అక్కడి ఫొటోలు చూపించి ఇక్కడ అమ్మేవాళ్లు ఈ మాట చెప్పరు.

ఇరవై ఫీట్ల కంటైనర్‌లో నిజంగా ఎంత జాగ దొరుకుతుంది?

బయటి కొలత 20 ఫీట్ల పొడవు, 8 ఫీట్ల వెడల్పు, 8 ఫీట్ల 6 అంగుళాల ఎత్తు. లోపలికి వెళ్తే పొడవు సుమారు 19 ఫీట్ల 4 అంగుళాలు, వెడల్పు 7 ఫీట్ల 8 అంగుళాలు, ఎత్తు 7 ఫీట్ల 10 అంగుళాలు. అంటే 150 చదరపు ఫీట్లకు కొంచెం అటూ ఇటూ. నలభై ఫీట్లది దానికి రెట్టింపు.

ఇన్సులేషన్, బోర్డు వేశాక వెడల్పు 7 ఫీట్ల 3 అంగుళాలకు దిగుతుంది. రెండువైపులా 15 అంగుళాల ర్యాకులు పెడితే మధ్యలో నడవడానికి నాలుగున్నర ఫీట్ల పైన మిగులుతుంది. ఇద్దరు ఎదురుపడితే సరిపోతుంది గానీ, ఒకరు బియ్యం బస్తా మోస్తుంటే ఇంకొకరు బయటికి రావాల్సిందే. అందుకే కిరాణానికి, ఫ్యాన్సీ స్టోర్‌కు పొడవు గోడ కోసి అటువైపు కౌంటర్ పెట్టి, గిరాకీని బయటే నిలబెట్టడం మేలు.

ఎత్తు ఇంకో తలనొప్పి. కింద ఫ్లోరింగ్, పైన ఇన్సులేషన్ పోను ఏడున్నర ఫీట్లు కూడా మిగలదు. సీలింగ్ ఫ్యాన్ పెడితే చెయ్యెత్తినవాళ్లకు ప్రమాదం, గోడ ఫ్యాన్లే పెట్టుకోవాలి. హై క్యూబ్ రకం దొరికితే ఒక ఫీటు ఎక్కువ వస్తుంది, దానికోసం కొంచెం ఎక్కువ ఇచ్చినా నష్టం లేదు. అయితే హై క్యూబ్‌లు ఎక్కువగా నలభై ఫీట్లలోనే దొరుకుతాయి.

మే నెలలో లోపల కూర్చోగలమా?

ఏమీ చేయకుండా ఉన్నదున్నట్టు పెడితే కూర్చోలేరు. వరంగల్‌లోనే నలభై దాటుతుంది, రామగుండం, మంచిర్యాల దిక్కు 45 దాటే రోజులూ ఉంటాయి. కంటైనర్ గోడ రెండు మిల్లీమీటర్ల లోపు ఉక్కు రేకు. ఎండను ఆపే శక్తి దానికి లేదు. పదకొండు గంటలకే అరచేయి ఆనించలేం. ఏసీ పెడితే సరిపోతుందనుకునేవాళ్లు చాలామంది. ఇన్సులేషన్ లేని డబ్బాలో ఏసీ ఆగకుండా తిరుగుతుంది, బిల్లు వస్తుంది, చల్లదనం రాదు.

చేయాల్సిన పని వరుసగా చెప్తాం. అన్నిటికన్నా ముందు నీడ. కంటైనర్ కప్పుకు ఒక ఫీటు నుంచి ఫీటున్నర పైన, నాలుగువైపులా రెండు మూడు ఫీట్లు బయటికి వచ్చేలా రేకులతో రెండో కప్పు వేయించండి. మధ్యలో గాలి ఆడాలి, అందులో సామాను కుక్కొద్దు. ఎండ అసలు పెట్టెను తాకకుండా చేయడమే సగం పని, ఖర్చూ తక్కువ. ఎండాకాలం ఈదురుగాలులకు ఎగిరిపోకుండా ఈ రేకులను గట్టిగా బోల్టులతో బిగించాలి.

రెండోది తెల్ల రంగు. నల్ల రంగు, ముదురు నీలం రంగు కంటైనర్లు ఫొటోలకు బాగుంటాయి, లోపల కూర్చునేవాడి పాపం పండుతుంది. కప్పుకు ఎండను తిప్పికొట్టే కూల్ రూఫ్ పెయింట్ వేయించండి. 2023లో వచ్చిన తెలంగాణ కూల్ రూఫ్ పాలసీ కొత్త వాణిజ్య భవనాలన్నిటికీ కూల్ రూఫ్ ఉండాలంటుంది, కాబట్టి ఇది ఎట్లాగూ పనికొచ్చే ఖర్చే.

మూడోది ఇన్సులేషన్. కప్పుకు, పడమటి గోడకు తప్పనిసరి. పఫ్ అనే గట్టి ఫోమ్ తక్కువ మందంతో ఎక్కువ వేడిని ఆపుతుంది, రాతి నారతో చేసే రాక్‌వూల్ మంటకు తట్టుకుంటుంది. థర్మోకోల్ చవక గానీ వేడికి కుంగుతుంది, అంటుకుంటే విషపు పొగ. స్టవ్ ఉన్న దుకాణంలో అది వద్దే వద్దు. ఈ మూడూ అయ్యాక, తలుపు మూసి ఉంచే షాపుకు ఏసీ గురించి ఆలోచించండి.

పాడైపోయిన రీఫర్ కంటైనర్ దొరుకుతుందేమో అడిగి చూడండి. ఐస్‌క్రీం, మాంసం, మందులు చల్లగా మోసే రకం అది. మిషన్ పనిచేయకపోయినా గోడల్లో ఫోమ్ ముందే నింపి ఉంటుంది, లోపల స్టీలు రేకు. పాలు, పూలు, ఐస్‌క్రీం అమ్మేవాళ్లకు చక్కగా కుదురుతుంది. ఒకటే చిక్కు, కోసేటప్పుడు గ్యాస్ కట్టర్ పెడితే ఫోమ్ అంటుకుంటుంది. గ్రైండర్ బ్లేడుతో, పక్కన నీళ్లు పెట్టుకుని కోయాలి.

వానకాలం సంగతి?

కోయని కంటైనర్‌లోకి చుక్క దిగదు. మనం కోసిన కిటికీ అంచుల దగ్గరే కారుతుంది. ప్రతి కోత మీదా చిన్న రేకు చూరు, అంచుకు సీలెంట్ ఉండాలి. ఇక మూసి ఉంచిన ఇనుప పెట్టెలో గాలిలోని తేమే రాత్రి చల్లబడి, కప్పుకు లోపలివైపు నీటి చుక్కలై రాలుతుంది. బట్టలు, పుస్తకాలు, పల్లీల బస్తాలు ఉన్న షాపులో తెల్లారేసరికి ఎక్కడి నుంచి తడిసిందో అర్థం కాదు. ఎదురెదురు గోడలకు పైభాగంలో జాలీలు పెట్టి గాలి ఆడనిస్తే చాలావరకు తగ్గుతుంది.

తుప్పు పట్టని ఉక్కు అని అమ్మేవాళ్లు చెప్పే కార్టెన్ ఉక్కు మామూలు ఇనుము కన్నా మెల్లగా తుప్పు పడుతుందంతే. నీళ్లు నిలిచే చోట, కోసిన అంచుల దగ్గర, గీత పడ్డ చోట అదీ తింటుంది. కోసిన రోజే రెడ్ ఆక్సైడ్ కొట్టించండి.

పునాది అవసరమా? నేల మీద అట్లనే పెట్టొచ్చా?

పెట్టొద్దు. కంటైనర్ బరువంతా నాలుగు మూలల మీదే నిలుస్తుంది, కాబట్టి మూలమూలకూ ఒక కాంక్రీట్ దిమ్మె చాలు. నలభై ఫీట్ల దానికి మధ్యలో ఇంకో రెండు వేసుకుంటే మంచిది. దిమ్మెల మట్టం నీళ్ల పైపుతో సరిచూడాలి. ఒక మూల అర అంగుళం కుంగినా చట్రం మెలితిరిగి తలుపులు పట్టేస్తాయి. షట్టర్ పైకి పోకపోతే షట్టర్ మేస్త్రీని తిట్టే ముందు మట్టం చూడండి.

చెలక నేలల్లో ఇది సులువు. నల్లరేగడిలో జాగ్రత్త, వానకు ఉబ్బి ఎండకు నెర్రెలు విచ్చే నేల అది. పైపై దిమ్మె ఏడాది తిరిగేసరికి కదులుతుంది. ఆ మట్టి తీసేసి మొరం నింపి దిమ్మిసా కొట్టాక దిమ్మె పోయండి, లేదా గట్టి నేల తగిలే దాకా లోతుకు పోండి.

కింద ఖాళీ చుట్టూ జాలీ బిగించడం మరచిపోవద్దు. ఊరి బయట ఎలుకలు, వాటి వెనకే పాములు అక్కడే చేరతాయి.

వరద వస్తే కొట్టుకుపోతుందా?

వింతగా అనిపించినా, తేలుతుంది. ఇరవై ఫీట్ల ఖాళీ కంటైనర్ బరువు రెండు టన్నుల పైచిలుకే. నీళ్లు లోపలికి దూరకుండా చుట్టూ నిలిస్తే, కంటైనర్ ఫ్లోరు మీదికి అర ఫీటు ఎక్కేసరికే అది లేస్తుంది. మూడు టన్నుల సామాను ఉన్నా ఒక ఫీటు దాటితే అంతే. షాపు కోసం కోసిన పెట్టెలోకి నీళ్లు వస్తాయి కాబట్టి నిజంగా పడవలా పోదు, కానీ దిమ్మెల మీది నుంచి జరగొచ్చు. 2020 ఆగస్టులో, 2023 జులైలో హన్మకొండ, వరంగల్ కాలనీల్లో నీళ్లు ఎంత దాకా వచ్చాయో చూసినవాళ్లు ఈ ప్రశ్నను తేలిగ్గా తీసుకోరు. దిమ్మెల్లో ఇనుప ప్లేట్లు పెట్టి మూలలను వాటికి బోల్టులతో బిగించండి. వెల్డింగ్ చేస్తే రేపు తీసేటప్పుడు కష్టం. మీ గల్లీలో పాత వరద మరక ఎక్కడుందో చూసి దానికి పైన దిమ్మె ఎత్తు పెట్టుకోండి.

గోడ మొత్తం కోసి షట్టర్ పెట్టొచ్చా?

పెట్టొచ్చు, కోసినంత మేర ఫ్రేము వెల్డ్ చేస్తేనే. ఆ ముడతల గోడ ఉత్త తెర కాదు, చట్రాన్ని నిలబెట్టేది కూడా అదే. పొడవు గోడను సగానికి మించి తీసేసి ఊరుకుంటే పై దూలం మధ్యలో వంగుతుంది, క్రేన్‌తో లేపినప్పుడు మరీ తెలుస్తుంది. కోత చుట్టూ మందపాటి చదరపు పైపు ఫ్రేము, పెద్ద కోతైతే మధ్యలో ఒక స్తంభం ఉండాలి. వెల్డరు ‘ఏం కాదన్నా’ అన్నా ఇది మాత్రం చేయించండి.

కప్పు మీద నీళ్ల ట్యాంకు పెట్టడం ఇంకో అలవాటు. కంటైనర్ల ప్రమాణాల్లో కప్పుకు పెట్టే పరీక్ష 300 కిలోలకు మాత్రమే. 500 లీటర్ల ట్యాంకు నిండితే అరటన్ను దాటుతుంది. పక్కన స్టాండు వేసుకోండి.

పాత కంటైనర్ కొనేటప్పుడు ఏం చూడాలి?

పగటిపూట లోపలికి వెళ్లి తలుపులు మూయించండి. ఎక్కడైనా వెలుతురు కనిపిస్తే అక్కడ రంధ్రం ఉన్నట్టే. తర్వాత కిందికి వంగి అడ్డ దూలాలు చూడండి. పైన కొత్త రంగు కొట్టి కింద తుప్పు దాచడం ఈ వ్యాపారంలో మామూలే. తలుపులు ఒక్కరే తెరిచి మూయగలగాలి. రెండు చివర్లనుంచి చూస్తే చట్రం నిటారుగా ఉండాలి.

వాసన కూడా చూడండి. ఇంతకు ముందు అందులో ఏం మోశారో ఎవరూ చెప్పలేరు. కింద పరిచిన 28 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌కు పురుగు పట్టకుండా మందు కలిపి ఉంటుంది. తినే వస్తువులు అమ్మేవాళ్లు ఆ ఫ్లోరు తీసేయాలి, లేదా దానిమీద ఎపాక్సీ వేసి వినైల్ పరచాలి.

కాగితాల విషయంలో ఒక మాట. ఓడ కంటైనర్లు సుంకం కట్టకుండా దేశంలోకి వచ్చి, ఆరు నెలల్లో తిరిగి వెళ్లిపోవాలనే షరతు మీద వస్తాయి. ఇక్కడే అమ్మాలంటే కస్టమ్స్ సుంకం కట్టాలి. కాబట్టి జీఎస్టీ బిల్లు ఒక్కటే చాలదు, సుంకం కట్టినట్టు కాగితం నకలు, దానిమీద మీ కంటైనర్ నంబరు అడిగి తీసుకోండి.

పునాది లేదు కదా, పర్మిషన్ ఎందుకు?

అందరికీ ఉన్న అపోహ ఇదే. ఏ సామానుతో కట్టినా భవనం భవనమేనన్నది జాతీయ భవన నిర్మాణ స్మృతి లెక్క. ఫంక్షన్ కోసం వేసే షామియానాలకు మినహాయింపు ఉంది గానీ, ఏళ్ల తరబడి షట్టర్‌తో నడిచే దుకాణానికి కాదు. గ్రేటర్ వరంగల్ పరిధిలో అయితే భవన అనుమతికి ఆన్‌లైన్‌లో దరఖాస్తు, తర్వాత ట్రేడ్ లైసెన్సు. ఊరి బయట పట్టా భూమిలో పెడితే ముందు వ్యవసాయేతర భూమిగా మార్పించాలి, మనవాళ్లు నాలా కన్వర్షన్ అనేది దాన్నే.

చెరువులు, నాలాల (నీటి కాల్వల) పక్కన జాగ చవగ్గా దొరుకుతుంది, అదే ఉచ్చు. 2012 నాటి భవన నిబంధనల ప్రకారం పది హెక్టార్లు, ఆపై చెరువుకు ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు వచ్చే మట్టం) హద్దు నుంచి 30 మీటర్లు, చిన్న చెరువుకు 9 మీటర్లు, పది మీటర్లు దాటిన వాగు, నాలాకు 9 మీటర్లు, అంతకన్నా చిన్నదానికి 2 మీటర్లు వదలాలి. భద్రకాళి, వడ్డేపల్లి చెరువుల వైపు చూస్తున్నవాళ్లు ముందు ఈ కొలత వేసుకోండి. జాతీయ రహదారి జాగలోకి ఒక్క ఫీటు జరిగినా తీసేయించే అధికారం రహదారి అధికారులకుంది, చక్రాల మీద పెట్టినా సరే.

కరెంటు కనెక్షన్ ఇస్తారా? ఇనుప డబ్బాలో షాక్ కొట్టదా?

మన దిక్కు కనెక్షన్ ఇచ్చేది ఉత్తర డిస్కం. షాపు కాబట్టి వాణిజ్య కేటగిరీ, దానికి కిరాయి నామా, జాగ ఓనరు సమ్మతి కావాలి.

షాక్ భయం న్యాయమైనదే. ఒక్క వైరు తొక్క చిట్లి గోడకు ఆనితే పెట్టె మొత్తానికి కరెంటు ఎక్కుతుంది. తడి కాళ్లతో చాయ్ కోసం చెయ్యి ఆనించినవాడి గతి ఏంటి? ఎర్తింగ్ గుంత విడిగా తీయించి కంటైనర్ బాడీని దానికి కలపాలి, కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీ యాంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్ పెట్టాలి, వైర్లు రేకు దాటే ప్రతి రంధ్రానికి రబ్బరు వాషర్ వేయాలి. ఇందులో మాత్రం పొదుపు చేయొద్దు.

ఏ వ్యాపారానికి బాగుంటుంది, దేనికి బాగుండదు?

చాయ్, జ్యూస్, మొబైల్ రిపేర్, టైలరింగ్, సెలూన్, పంక్చర్, హార్డ్‌వేర్ వంటి వాటికి బాగుంటుంది. టిఫిన్ సెంటర్‌కు కౌంటర్ కంటైనర్‌లో పెట్టుకుని పొయ్యి, సిలిండర్ బయట షెడ్డులో జాలీ లోపల పెట్టుకోవాలి. లోపలే వండితే వేడికి తోడు, మంట లేస్తే బయటపడే దారి ఒక్కటే ఉంటుంది.

మెడికల్ షాపుకు కనీసం పది చదరపు మీటర్లు కావాలి, ఇరవై ఫీట్లది ఆ లెక్కకు సరిపోతుంది. అయితే మందులు చల్లగా ఉంచాలి కాబట్టి ఇన్సులేషన్, ఏసీ లేకుండా ఆలోచించొద్దు. విత్తనాల షాపుకు మేం వద్దనే చెప్తాం. పత్తి విత్తనం సీజన్‌కు సరుకు దించేది మే నెలలో, అప్పుడే డబ్బా కాలిపోతుంటుంది, వేడికి మొలక శాతం పడిపోతే రైతు వచ్చి అడిగేది మిమ్మల్నే.

మేడారం జాతరకు తీసుకెళ్లి పెట్టుకోవచ్చా?

నాలుగు రోజుల గిరాకీకి ట్రాలీ, క్రేన్ పోను రాను కిరాయి పెట్టుకుంటే లాభం రోడ్డుకే పోతుంది. జాతరకు కర్రలు, టార్పాలినే ఉత్తమం.

వాస్తు?

దింపే రోజు సిద్ధాంతిని కూడా పిలుచుకోండి. క్రేన్ ఉన్నంతసేపు ఏ దిక్కుకైనా తిప్పించుకోవచ్చు, ఈ సౌకర్యం ఇటుక ఇంటికి లేదు.

మొత్తం ఖర్చు ఎట్లా అంచనా వేయాలి?

కంటైనర్ రేటు ఒక్కటే విని లెక్క వేసుకోవద్దు. హైదరాబాద్ నుంచి దాదాపు 150 కిలోమీటర్ల లారీ కిరాయి, ఎక్కించే చోట ఒక క్రేన్, దింపే చోట ఇంకో క్రేన్, దిమ్మెలు, కోతలు, ఫ్రేములు, షట్టర్, పై కప్పు, ఇన్సులేషన్, వైరింగ్, రంగు, అన్నీ కలిపితే చాలాసార్లు కంటైనర్ ధరను దాటిపోతాయి. అదే కొలతకు క్యాబిన్ కొటేషన్, రేకుల షెడ్డు కొటేషన్ కూడా పక్కన పెట్టుకుని చూడండి. మీ గల్లీలోకి ట్రాలీ తిరుగుతుందా, పైన కరెంటు తీగలున్నాయా అన్నది అడ్వాన్స్ ఇచ్చే ముందే చూసుకోవాలి.

జాగ ఖాళీ చేయాల్సి వస్తే ఎలా?

దీనికి పని అగ్రిమెంటు రోజే మొదలవుతుంది. కంటైనర్, దాని పై కప్పు మీవేనని, గడువు అయ్యాక తీసుకెళ్లే హక్కు మీదని అందులో రాయించండి. ఏడాది దాటిన లీజును రిజిస్టర్ చేయించాలి.

తీసే రోజు ముందుగా మీటరు రద్దు చేయించి, సామాను, ర్యాకులు, ఏసీ దింపేయండి. పెద్ద కోతలకు అడ్డంగా తాత్కాలికంగా పైపు వెల్డ్ చేయించండి, లేపినప్పుడు చట్రం వంగదు. ఇరవై ఫీట్ల దాన్ని ఇక్కడ దొరికే హైడ్రా క్రేనే లేపుతుంది. నడుముకు బెల్టు వేసి లేపితే పక్క రేకులు నొక్కుకుపోతాయి, గొలుసులు కంటైనర్ మూలల్లోని ఇనుప దిమ్మెలకే తగిలించమనండి. పై కప్పు రేకులు ముందురోజే విప్పి పెట్టుకుంటే తెల్లవారుజామున, బండ్లు తిరగక ముందే పని అయిపోతుంది.